వాకిలి పక్క బెంచీ

జమ్మలమడుగు చర్చిలో మా మేనమామ ఎప్పుడూ వాకిలి పక్క బెంచీమీదే కూర్చునేవాడు. ప్రార్థనలో కూడా కళ్లు మూసేవాడు కాదు. ఫ్యాక్షన్‌లో మా తాతను చంపేసినప్పుడు, మా పార్టీవాళ్లు జీపులో మామ దగ్గరికి వచ్చి, "మీ నాయన పగ ఇంగ నీదేనప్పా" అన్నారట.

"నాయన ఇడ్సిపోయిన చేను నాది. పగ దేవునిది" అని పంపేశాడు.

"అంతా దేవుడే సూసుకుంటాడంటావు, మళ్ల ఆ వాకిలి దిక్కు సూపేంది?" అనేది అత్త.

"దేవుడు సూసుకుంటాడు. నేనూ సూస్తాంటా."

ఆ జవాబుకు అత్తకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం, తాతను చంపినవాడి కొడుకు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చర్చి అంతా బిగుసుకుపోయింది. మామ కాస్త జరిగి, "కూచోప్పా" అని పక్కన చోటిచ్చాడు. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. మామ కళ్లు మూసుకున్నాడు.

నేను మూసుకోలేకపోయాను. మామ పోయాక ఆ బెంచీ నాకొచ్చింది. ఇప్పటికీ మూసుకోలేను.