పార్టీ, సరుకు, డెలివరీ, రిమార్కులు

ఈమధ్య ఏ హోటలుకి వెళ్లినా ఇడ్లీకీ, దోశెకీ, గారెకీ ఒకే చట్నీ పోస్తున్నారు. సర్వరుని అడిగితే, అన్నిటికీ సరిపోతుంది సార్ అంటాడు. సరిపోవడం వేరు, బాగుండటం వేరు అని చెప్పేలోగా పక్క బల్లకి వెళ్లిపోతాడు. మొన్న అలాంటి చట్నీ ముందు కూర్చునే మా మేనల్లుడు తన కంప్యూటరు ఉద్యోగం సంగతి చెప్పాడు. ఏ వ్యాపారానికైనా కొనేవాడు, వస్తువు, ఆర్డరు, చేరిన తేదీ తప్పవట. ఆ చట్రం ఒకసారి గీసిపెట్టుకుని బ్యాంకుకీ, ఆస్పత్రికీ అదే కాస్త సర్ది ఇస్తారట. దాన్నే డేటా మోడల్ అంటారట. ఎన్నడూ విననట్టే తల ఊపాను గాని, డెబ్బైల్లో బెజవాడలో మా బాబాయి చేసిందీ అదే.

వన్‌టౌన్‌లో ఆయనకో చిన్న ప్రెస్సు. నేను బీకాం చదువుతూ అక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒక్కో వ్యాపారికి ఒక్కో రకం చీటీ కూర్చడం దండగని తేల్చి, బాబాయి అందరికీ పనికొచ్చేలా నాలుగు గడుల చీటీ తయారుచేశాడు: పార్టీ, సరుకు, డెలివరీ, రిమార్కులు. రైసుమిల్లుకి అదే, లారీ ఆఫీసుకి అదే, లాడ్జికీ అదే. లాడ్జి గుమాస్తా సరుకు గడిలో ‘భార్యాభర్తలు’ అని రాసేవాడు. లోకంలో ఇంతకుమించి ఏముందిరా అనేవాడు బాబాయి. బీకాం సిలబస్‌లోనూ అంతకుమించి కనిపించేది కాదు.

అప్పుడు పిన్ని తొలికానుపుకి కంకిపాడు దగ్గర పుట్టింట్లో ఉంది. నొప్పులొస్తున్నాయి, ఆస్పత్రికి తీసుకెళ్తున్నామని ఒక పొద్దున కబురొచ్చింది. మిగతాది పక్క లారీ ఆఫీసుకి ఫోన్ చేసి చెబుతామన్నారు. బస్సెక్కితే ఆ కబురు తప్పిపోతుందని బాబాయి కదల్లేదు. మధ్యాహ్నానికి లారీ ఆఫీసు గుమాస్తా కిటికీలోంచి చీటీ అందించి, మోగుతున్న ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

పార్టీ: కంకిపాడు. సరుకు: ఒకటి. డెలివరీ: కాలేదు. రిమార్కులు: దారిలోనే పోయింది.

బాబాయి కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. మిషను ఆడుతూనే ఉంది. గుమాస్తాని నిలదీద్దామని నేను లేచేలోగా, వీధి చివర అద్దాల కొట్టు సాయిబుగారు ఇంకో చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

“ఏమండీ, కంకిపాడు నేను పంపింది నిలువుటద్దం. అది ఆడదట, డెలివరీ అయిందట, గట్టిగా ఏడుస్తోందట. మీదేమో చూడండి.”

గుమాస్తా కంకిపాడు నుంచి వచ్చిన రెండు ఫోన్లనీ శ్రద్ధగా మా చీటీల్లోకెక్కించి, ఒకరిది ఒకరికి పంచాడు. బాబాయి ఆ రెండో చీటీని చదివాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ చదివాడు. తర్వాత సాయిబుగారి చేతులు పట్టుకుని, మీ అద్దం పోయిందండీ అని నవ్వుతూ చెప్పాడు. అంత సంతోషంగా నష్టవార్త చెప్పినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. పోతే పోయిందిలెండి, ముందు బస్సెక్కండి అన్నారాయన.

కాలం చాలా రోజుల్ని ఒకే గడిలో కుక్కేసింది గాని, ఆ సాయంత్రం మాత్రం నాకింకా విడిగానే ఉంది. ఆస్పత్రిలో ఫినాయిల్ వాసన, కిటికీలోంచి ఏటవాలు ఎండ, మంచం పక్కన నిలబడి బాబాయి. చీటీలో తప్పేమీ లేదు, మనిషా సరుకా అని ఐదో గడి ఒకటి చేరిస్తే చాలు అని వివరిస్తున్నాడు. పిన్ని కాసేపు విని, పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది.

“మోసింది నేనండీ, లారీ కాదు.”