పొగ పరీక్షలో నేను తప్పిన వారం

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. మామూలు లెక్కన అరవై రెండేళ్ళు నిండి నాలుగు నెలలు. డ్రైవింగ్ లైసెన్సు లెక్కన చూస్తే పదకొండు నెలలే, కాబట్టి రోడ్డు మీద నేను పసిపిల్లనే. ఆ వయసులో ఉండాల్సిన పొగరు, తొందర, తప్పెప్పుడూ ఎదుటివాళ్ళదే అన్న నమ్మకం నాకు నిండుగా ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, సిగ్గు కూడా పెద్దగా రాదు. కొంచెం అలసట మాత్రం వస్తుంది. ఆ 2022 జూన్ నెల ఎండ ఇంకా నా ఒంట్లో ఎక్కడో మిగిలి ఉందేమో.

మేము షార్జాలో ఉండేవాళ్ళం. మేమంటే మా అమ్మాయి, అల్లుడుగారు, నేను. కాకినాడలో ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరై అమ్మాయి దగ్గరికి వచ్చాను. వచ్చిన మూడేళ్ళూ ఎవరైనా తీసుకెళ్తే వెళ్ళాను, తీసుకొస్తే వచ్చాను. తర్వాత అల్లుడుగారు కొత్త కారు కొనుక్కుని పాత తెల్ల కారు నాకు వదిలేశారు. నాలుగోసారికి లైసెన్సు తెచ్చుకున్నాను (మూడుసార్లు తప్పడం పరీక్ష పెట్టినవాళ్ళ పొరపాటని అప్పట్లో నా అభిప్రాయం). అప్పటి నుంచి శనివారం పొద్దున గుడికి, బుధవారం కూరగాయల మార్కెట్‌కి నేనే వెళ్ళేదాన్ని. ఎన్ని గంటలకు వస్తావని అడిగేవాళ్ళు లేరు. ఆ కారు పోతే నేను మళ్ళీ ఆ ఇంట్లో ఒక సూట్‌కేసునే.

ముల్కియా, అంటే బండి కార్డు, ఏటేటా కొత్తది చేయించుకోవాలి, దానికి ముందు బండి పరీక్ష నెగ్గాలి. ఆ ఏడు గడువు జూన్ ముప్పై. ఇరవయ్యో తేదీ సోమవారం పొద్దున ఏడుంబావుకే టెస్టింగ్ సెంటర్‌లో నిలబడ్డాను. బ్రేకులు బాగున్నాయి, టైర్లు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. పొగ పరీక్ష దగ్గర ఒక పెద్దమనిషి స్టీరింగ్ కింద ఉండే ప్లగ్గులో తన చేతి మెషిన్ వైరు గుచ్చాడు. తీశాడు, ఊదాడు, మళ్ళీ గుచ్చాడు.

"అమ్మాజీ, బత్తీ నహీ జల్‌తీ. కనెక్ట్ నహీ హోతా" అన్నాడు. దీపం వెలగడం లేదట, మెషిన్ కలవడం లేదట.

"మీ మెషిన్ పాడైపోయిందేమో చూసుకోండి" అన్నాను, నాకు వచ్చిన హిందీలో.

అతను నా వెనక ఉన్న కారు దగ్గరికి వెళ్ళి అదే వైరు గుచ్చాడు. మెషిన్ మీద పచ్చదీపం వెలిగింది. దాన్ని ఎత్తి నాకు చూపించి, కాగితం మీద 'ఫెయిల్' అని కొట్టి చేతికిచ్చాడు. కంప్యూటర్ కలవందే పొగ లెక్క ఎక్కదట. ఆ మాట ఎంతోమంది పిల్లల కాగితాల మీద నేనే రాశాను కానీ, అది చేతిలో పట్టుకుని ఎండలో పార్కింగ్ దాకా నడిస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా డైరీ తెచ్చాను. ప్రతిరోజూ బండి ఎక్కడికి వెళ్ళింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎవరు నడిపారు, అన్నీ అందులో ఉంటాయి.

"ఏప్రిల్ మూడు, ఆదివారం. ఆ రోజు ఈ కారు మీరు తీసుకెళ్ళారు, అల్లుడుగారూ. సీటు వెనక్కి జరపకుండా కూర్చున్నారు. దిగేటప్పుడు మీ మోకాలు స్టీరింగ్ కింద టక్కున తగిలింది. నేను విన్నాను."

ఆయన చపాతీ తుంచుతూ, "తగిలే ఉంటుందండీ అత్తయ్యగారూ. రెండు రోజులు కుంటుతూ నడిచాను కూడా" అన్నారు.

"మరి ప్లగ్గు సంగతి?"

"దాని బాధ అది నాకు చెప్పలేదండి."

అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు. చేసిన తప్పు ఒప్పుకోకపోగా హాస్యం ఒకటి అనుకున్నాను. ఆ మోకాలి మీద నాకు వారం రోజులు కోపం.

గురువారం మా వీధి చివరి గ్యారేజీకి వెళ్ళాను. అక్కడివాడు బానెట్ ఎత్తి, దించి, బండి కంప్యూటరే పోయిందన్నాడు. కొత్తది వేయడం కంటే ఇంకో పాత కారు కొనుక్కోవడం తేలికన్నాడు. ఇంటికొచ్చి చెప్పేసరికి అమ్మాయి పనిగట్టుకుని కిందికి దిగి, నాలుగు వైపుల నుంచీ కారుకి ఫోటోలు తీసింది.

"ఖలాస్ అమ్మా, అమ్మేద్దాం. నెలాఖరులోపు ఎవరో ఒకరు విడిభాగాలకైనా తీసుకుంటారు. నీకు ఎక్కడికి వెళ్ళాలన్నా టాక్సీ ఉండనే ఉంది."

"టాక్సీలో నేను కూర్చుంటానే. నడపను కదా."

"ఈ వయసులో నడిపి ఏం సాధించాలి?"

నిజమే. సాధించడానికేమీ లేదు. రెండు శనివారాలు ఇంట్లో కూర్చుంటే మూడో శనివారం ఎటు వెళ్ళాలన్న కోరిక కూడా పోతుందని నాకు తెలుసు. అంతే.

ఇరవై ఏడు, సోమవారం. ఎవరో చెబితే దుబాయ్ వైపు అల్ వర్సాన్‌లో గోదాముల వెనక ఒక షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడ జగిత్యాల నుంచి వచ్చిన మెకానిక్ ఒకతను ఉన్నాడు. అందరూ అతన్ని ముదీర్ అని పిలుస్తారు (ముదీర్ అంటే మేనేజరు, ఆ షెడ్డులో అతనొక్కడే ఉంటాడు కాబట్టి ఆ పదవికి పోటీ లేదు). నా ఫెయిల్ కాగితం చదివాడు, డైరీలో ఏప్రిల్ మూడు కూడా ఓపిగ్గా విన్నాడు.

"మోకాలు దాకితె ప్లగ్గు పోతదా అమ్మా? మీ అల్లునిది మోకాలా, సుత్తెనా?" అంటూ స్టీరింగ్ కింద దూరాడు. "కరెంటే వస్తలేదు. కంప్యూటర్ మంచిగనే ఉన్నది. ఫ్యూజు వోయింది, గంతే."

కొత్త ఫ్యూజు వేశాడు. నన్ను తాళం తిప్పమన్నాడు. తిప్పాను. లోపల చిన్నగా 'టిక్' అంది. తీసి చూస్తే అదీ కాలిపోయింది. ఇంకోటి వేశాడు. మళ్ళీ 'టిక్'. అతను లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బయట వేడికి షెడ్డు రేకులు కూడా చప్పుడు చేస్తున్నాయి.

"గీ ఫ్యూజు మీదనే సిగరెట్ లైటర్ గూడ నడుస్తదమ్మా. గా బొక్కల ఏమన్న వెట్టిన్రా?"

"మా బండిలో సిగరెట్ తాగేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాను, నిటారుగా నిలబడి.

అతను గేరు ముందున్న చిన్న మూత తెరిచి వేలు పెట్టాడు. వేలు ఎర్రగా బయటికి వచ్చింది. తెగిందేమోనని ఒక క్షణం తనే భయపడి, వాసన చూసుకున్నాడు. తర్వాత టార్చి వేసి, పట్టకారుతో లోపల్నుంచి మెల్లగా లాగాడు. బొటనవేలంత ఇత్తడి కుంకుమ భరిణె. నాదే.

"గీ ఇత్తడి లోపల తాకినందుకే ఫ్యూజులు కాలినయమ్మా" అంటూ దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

బండి తీసే ముందు డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామికి బొట్టు పెట్టడం నా అలవాటు. భరిణె ఎక్కడ పెట్టినా దొర్లిపోయేది. ఆ గుండ్రటి గుంట చూస్తే, కొలత తీసి చేసినట్టు సరిపోయింది. పైన మూత కూడా ఉంది. కారు చేసినవాళ్ళు ఎంత ముందుచూపుతో చేశారో అని మెచ్చుకున్నాను కూడా.

"పద్దెనిమిదేండ్ల సంది గిదే పని జేస్తున్న" అన్నాడు ముదీర్. "లైటర్ల పిన్నీసులు జూసిన, పిల్లలు ఏసిన చాక్లెట్ కాయిదాలు జూసిన. కుంకుమ జూసుడు గిదే మొదలు."

నేను డైరీ వెనక్కి తిప్పాను. ఏప్రిల్ దాటాను, మార్చి దాటాను. ఫిబ్రవరి పంతొమ్మిది, శనివారం: 'కారులో భరిణెకు చక్కటి చోటు దొరికింది.' నా దస్తూరీయే, కింద గీత కూడా కొట్టి ఉంది.

అతను నా ముఖం చూశాడు. "ఇంట్ల ఎలుక కొరికిందని చెప్పున్రి. దుబాయ్‌ల ఎలుకలకేం కొదవ? నేను గూడ గట్లనే చెప్త."

మూడో ఫ్యూజు నిలబడింది. మధ్యాహ్నం రెండింటికి టెస్టింగ్ సెంటర్‌లో అదే పెద్దమనిషి వైరు గుచ్చాడు, పచ్చదీపం వెలిగింది. "అబ్ ఠీక్ హై, అమ్మాజీ" అన్నాడు. వారం కింద నేను అన్న మాట అతను మరిచిపోయినట్టు కనిపించాడు. గుర్తుండి ఊరుకున్నాడేమో కూడా. అప్పటికి నాకు సంతోషించే ఓపిక కూడా లేదు.

ఇంటికి వస్తున్నంతసేపూ ఎలుక గురించే ఆలోచించాను. తేలికైన ఎలుక. దాన్ని ఎవరూ అనుమానించరు. కానీ అది కొరికితే, వైర్లు కొరికే ఎలుకలున్న పాత కారు మనకెందుకని మా అమ్మాయి మళ్ళీ ఫోన్ తీస్తుంది. నిజం చెబితే, ఏ గుంటలో ఏం పెట్టాలో తెలియని మనిషికి కారెందుకని తాళమే తీసుకుంటుంది. ఎటు తిప్పినా లెక్క నాకే ఎదురొస్తోంది. చివరికి, ఎలాగూ పోయే కారే అయితే అబద్ధం ఆడి పోగొట్టుకోవడం దండగ అనిపించింది.

భోజనాల దగ్గర డైరీ తెరిచి ఫిబ్రవరి పంతొమ్మిది పైకి చదివాను. తర్వాత షెడ్డులో జరిగింది చెప్పాను. అమ్మాయి తల పట్టుకుంది. అల్లుడుగారు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా గంభీరంగా అడిగారు.

"అయితే అత్తయ్యగారూ, నా మోకాలు?"

"దాని తప్పు లేదు" అన్నాను.

"అది కూడా రాసేయండి. తేదీ వేసి."

అక్కడే, ఆయన ముందే రాశాను. ఆయన అమ్మాయి ఫోన్ అడిగి తీసుకుని, కారు ఫోటోలు నాలుగూ తీసేశారు. "ఇంకో ఏడాది పోనిద్దాం. నాకు తప్పు ఒప్పుకునే డ్రైవర్లు ఈ ఊళ్ళో ఎక్కడా కనిపించలేదు" అన్నారు మా అమ్మాయితో.

ఇంకో ఏడాది కాస్తా రెండేళ్ళయింది. తర్వాత ఒక సాయంత్రం ఎదురొచ్చే లైట్లన్నీ పువ్వుల్లా విచ్చుకుని కనిపించాయి. మర్నాడు ఎవరూ అడక్కముందే నేనే తాళం తీసుకెళ్ళి అల్లుడుగారి చేతికిచ్చాను. ఇప్పుడు శనివారం శనివారం ఆయనే గుడికి తీసుకెళ్తారు. నేను పక్క సీట్లో కూర్చుంటాను. సిగ్నల్ దగ్గరపడేకొద్దీ నా కుడికాలు నన్నడక్కుండానే కింద చాపని గట్టిగా తొక్కుతుంది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఆగిందండీ అత్తయ్యగారూ, ఇక కాలు తీయొచ్చు" అంటారు. ఈ ముసలిదానికి ఇంకా పొగరు తగ్గలేదని నవ్వుకుంటూ కాలు తీస్తాను. దీపం పచ్చబడ్డాక, ఆయన బండి కదిలించడం కొంచెం ఆలస్యమే అనిపిస్తుంది కానీ, పైకి అనను.