లూర్దమ్మ కొవ్వొత్తి

పాన్‌గల్ దగ్గరి ఊళ్లో ఉండే లూర్దమ్మకు పామంటే భయం లేదు, పస్తంటే భయం లేదు. ఖాళీ చేతులతో చీకట్లో ప్రాణం పోతుందేమోనన్న ఒక్క భయం మాత్రం ఆమెను చివరిదాకా వదల్లేదు.

ఆ భయం భర్త మాసయ్య చావుతో వచ్చింది. పుణె వైపు కేబుల్ కాలువ తవ్వే పనికి ఇద్దరూ వలస పోయినప్పుడు, గట్టు కూలి మాసయ్య మీద పడింది. బయటికి తీసేసరికి అతని పిడికిలి బిగుసుకుని ఉంది. విప్పి చూస్తే మట్టి. పోయే మనిషికి దారి కనబడాలని క్యాథలిక్ ఇళ్లల్లో దీవించిన కొవ్వొత్తి వెలిగించి చేతిలో పెడతారు. మాసయ్యకు అది దక్కలేదు. ఆయన ఎటు పోయాడోనని లూర్దమ్మ నిద్రలో ఉలిక్కిపడేది. జపమాల చెబుతూ ‘మరణ సమయమందు’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పూస మీద వేలు ఆగిపోయేది.

కొడుకు నవీన్‌ను గద్వాల విత్తనపత్తి చేలల్లో మొగ్గలు ఒలిచి పుప్పొడి అద్దే క్రాసింగ్ పని చేసి పెంచింది. ఫిబ్రవరిలో కొవ్వొత్తులు దీవించే పండుగకు తప్పకుండా చర్చికి పోయి ఒకటి తెచ్చుకునేది. పెట్టెలో చీరల మధ్య దాచేది.

కోడలు సరోజ వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. సరోజ పుట్టింటివాళ్లు పాస్టరు నడిపే మందిరానికి పోతారు. వాళ్లకు కొవ్వొత్తులూ ప్రతిమలూ పనికిరావు.

“అత్తా, నీ కొవ్వొత్తి లేకుంటే ఏసయ్యకు దారి దొర్కదా? పైన కరెంటు పోయిందా ఏంది?” అనేది సరోజ.

“నవ్వు బిడ్డా. గిట్ల నవ్వుకుంటనే దాన్ని పారేస్తవని నా పరేషాన్.”

“నీ పెట్టెతోని నాకేం పని?”

లూర్దమ్మ నమ్మలేదు. గుండె బలహీనపడిందని దవాఖానలో చెప్పిన రోజే కొవ్వొత్తిని పెట్టెలోంచి తీసి, గోడకూ రేకులకూ మధ్య సందులో దాచింది. బతుకంతా రేకుల ఇంట్లో గడిపిన మనిషి. ఎండాకాలం రేకు ఎట్లా కాలుతుందో ఆమెకు తెలియనిది కాదు. భయంలో ఆ సంగతి గుర్తుకు రాలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమెకు ఊపిరి అందలేదు. గద్వాలలో పనిమీదున్న నవీన్ ఫోన్ అందగానే బస్సెక్కాడు. పక్కింటి ఈదమ్మ ఆటో కోసం పరుగెత్తింది. ఇంట్లో సరోజ ఒక్కతే మిగిలింది. ఇక అడగక తప్పక లూర్దమ్మ వేలెత్తి పైకి చూపింది.

సరోజ డబ్బా మీదికెక్కి సందులో చెయ్యి పెట్టింది. ఊడి వచ్చింది కొవ్వొత్తి కాదు, దుమ్ము పట్టిన మైనపు బిళ్ల. వత్తి ఎక్కడుందో కనబడలేదు.

అది లూర్దమ్మ చూసింది. పిడికిలి బిగుసుకుంది.

“మట్టే… నాక్కూడ గా మట్టే…”

“జర ఆగు అత్తా.”

సరోజవి క్రాసింగ్ పని చేసిన వేళ్లు. లోపలి పిందెకు గీత పడకుండా మొగ్గను ఒలవడం ఆమెకు నేర్పింది లూర్దమ్మే. వేడికి మైనం ఇంకా మెత్తగానే ఉంది. సరోజ గోటితో అంచు గీరి వత్తి కొసను పట్టుకుంది. తెగకుండా కొంచెం కొంచెంగా లేపి, మైనాన్ని దాని చుట్టూ చేర్చి అరచేతుల మధ్య రుద్దింది. వేలంత, వంకరగా, మట్టిరంగులో తయారైంది. మొదటి అగ్గిపుల్లకు అంటుకోలేదు. రెండో పుల్లకు వత్తి చిటపటలాడి ఆరిపోయింది. లూర్దమ్మ గొంతులో గురక మొదలైంది. సరోజ ఇంకో పుల్ల గీసింది. ఈసారి మంట నిలిచింది.

బిగిసిన పిడికిలిని ఒక్కో వేలుగా విప్పి కొవ్వొత్తి పెట్టి, పైన తన చెయ్యి వేసి పట్టుకుంది.

ఆటోతో వచ్చిన ఈదమ్మ గడపలోనే ఆగిపోయింది.

“ఏందే సరోజ, మీ పాస్టరు జూస్తే ఏమంటడు?”

“ఏమన్న అననియ్. భయమైతున్నది పాస్టరుకు గాదు, మా అత్తకు.”

మైనం కారి సరోజ వేళ్ల మీద పడింది. ఆమె చెయ్యి తియ్యలేదు. లూర్దమ్మ మంటనే చూస్తూ ఉంది. ఆ చూపు అట్లాగే ఉండగా ఊపిరి ఆగింది.

పొద్దుగూకే వేళకు నవీన్ వచ్చాడు. తల్లి పక్కన కూర్చుని అడిగాడు.

“భయపడ్డదా?”

“పడ్డది,” అంది సరోజ, వేళ్ల మీది మైనం గీకకుండానే. “మంట అంటుకున్నదాంక.”