మూడో స్టేజిలో దొరికే రెక్క

మొన్నొక ఆదివారం అమీన్‌పూర్‌లో మా చెల్లె ఇంట్లో భోజనాలయ్యాక నేను సోఫాలో ఒరిగి కునుకు తీయబోతుంటే, మేనల్లుడు నేల మీద బోర్లా పడుకుని గోడంత టీవీలో ఏదో పాత ఆట పెట్టాడు. దాని పాట చెవిన పడగానే నిద్ర ఎగిరిపోయింది. నీలం ఆకాశం, ఇటుక పెట్టెలు, పొట్టి బొమ్మ మనిషి, అతను గెంతినప్పుడల్లా వచ్చే ఆ చిన్న చప్పుడు, అన్నీ అవే. చూస్తుండగానే ఆ మనిషి వీపున తెల్లటి రెక్కలు మొలిచాయి, పిల్లవాడు వాణ్ని మబ్బుల్లోకి ఎగరేశాడు.

"రెక్క ఏడికెల్లి తెచ్చినవ్‌రా?" అని అడిగాను.

"తెచ్చుడేంది మామా, గీడ నొక్కితె వస్తది. ఎన్నిసార్లు కావాల్నంటె అన్నిసార్లు."

వంటింట్లోంచి మా చెల్లె, నా వైపు చూడకుండానే, "మా బాపుకు గీ ఆటంటె పానం. క్యాసెట్ ఖరాబై రెక్క రాకుంట పోయె, లేకుంటె బువ్వ సుత మర్శిపోతుండె" అంది. బావ నవ్వి, "టీవీ ముందల కూసోని కూసోనే పోయిండంటరు గద మీ బాపు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వారమంతా నన్ను వదల్లేదు. ఆ రెండు మాటలూ నిజం కావు. పాతికేళ్ళుగా మా చుట్టాలూ, మా పాత వాడకట్టు వాళ్ళూ చెప్పుకుంటున్న ఆ కథను సరిచేయవలసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఇది రాస్తున్నాను.

మా బాపు జిన్నారం వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే రియాక్టర్ల దగ్గర పనిచేసేవాడు. పటాన్‌చెరులో వరుసగా కట్టిన కిరాయి గదుల్లో మాది చివరిది. షిఫ్ట్ దిగి వస్తుంటే ముందు ఆయన చొక్కా వాసన గడప దాటేది, తర్వాత ఆయన దాటేవాడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, గాలి ఎటు తిరిగితే అటు వైపు కిటికీలు మూసుకునే అలవాటు మనందరికీ ఉండేది. బాపుకు మాత్రం మూసుకోవడానికి కిటికీ లేదు, ఆ గాలి మధ్యనే నిలబడి పనిచేసేవాడు. కొన్నేళ్ళకు ఛాతీ పట్టేసింది. నాలుగడుగులు నడిస్తే గోడ పట్టుకుని నిలబడేవాడు, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగేవాడు, ఆగిన మాటను మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టాలో మరిచిపోయేవాడు.

అప్పుడు ఫ్యాక్టరీ పెద్దలు మంచిమాటగానే చెప్పారట, నువ్వు దిగిపో, నీ జాగాలో నీ కొడుకును పెట్టుకుంటం అని. నేను రోజూ బస్సులో సంగారెడ్డి పోయి ఇంటర్ చదువుతున్నాను. చదువులో మరీ మెరికనని చెప్పుకోను గానీ డిగ్రీ చేస్తానని, ఆ వాసన లేని చొక్కా ఒకటి నా జీవితంలో ఉంటుందని నమ్మకం ఉండేది. బాపు నన్ను అడగలేదు. వాళ్ళతో సరేనని వచ్చి, అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ, సోమవారం నుంచి పొద్దటి షిఫ్ట్‌కు పోవాలె బిడ్డా అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచి పోయాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయనతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు.

ఆ ఆట మా ఇంటికి వచ్చింది అప్పుడే. పక్క గదిలో బీహార్ నుంచి వచ్చిన భయ్యా ఒకతను ఉండేవాడు, బాపు షిఫ్ట్‌లోనే పని. ఊరికి తిరిగిపోతూ, టీవీకి తగిలించుకునే తన ఆట సెట్టునూ ఒక్కగానొక్క క్యాసెట్‌నూ తెచ్చి బాపు ముందు పెట్టాడు. "ఘర్ మే బైఠే బైఠే క్యా కరోగే చాచా, ఖేలో" అన్నాడు, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావు, ఆడుకో అని. క్యాసెట్ మీది కాగితం ఎప్పుడో చినిగిపోయింది కాబట్టి ఆ ఆట పేరేమిటో మాకు తెలియనే తెలియదు. పోయే ముందు అతను మూడో స్టేజిలో ఒక చోటు నాకు చూపించాడు. పెద్ద గుంత ఒకటి దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట గెంతితే తలకు ఒక పెట్టె తగులుతుంది, దానిలోంచి తెల్లటి ఈక ఒకటి ఊగుతూ దిగుతుంది, దాన్ని తాకితే రెక్కలు వస్తాయి. ఆట మొత్తంలో ఎగరగలిగేది ఆ ఈకతోనే. దేనికైనా తగిలితే రెక్క ఊడిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి రావాలి.

బాపు వేళ్ళు వణికేవి, ఆ గుంత ఆయన వల్ల అయ్యేది కాదు. అందుకని నేను షిఫ్ట్ దిగి వచ్చేసరికి దుమ్ము పోయేలా క్యాసెట్‌లో ఊది, బిగించి, టీవీ పెట్టి, పక్కన నాకు చాప పరిచి ఉంచేవాడు. నేను స్నానం చేసి రాగానే, "జెర ఆ రెక్క తెచ్చియ్యి బిడ్డా" అనేవాడు. నేను కోపంగానే కూర్చునేవాణ్ని, మూడో స్టేజి దాకా పోయి, రెక్క తెచ్చి, రిమోట్ ఆయన చేతిలో పెట్టేవాణ్ని.

తర్వాత ఆయన చేసేది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎగిరితే మబ్బుల పైకి పోయేవాడు, అక్కడ ఏమీ ఉండదు, కింద గుంతలూ ముళ్ళూ ఏవీ కనిపించవు. అక్కడే అటూ ఇటూ తిరిగేవాడు. సమయం అయిపోయి బొమ్మ మనిషి పడిపోయేదాకా అంతే. ఒకసారి ఉండబట్టలేక, "తలుపు దాంక పో బాపు, స్టేజి అయిపోతది" అన్నాను.

"అయితె మల్ల కిందికి దిగాలె గద" అన్నాడు.

మా అవ్వ చాటలో బియ్యం ఏరుతూ, "పోరగాండ్ల ఆట ముసలోడు ఆడవట్టె, ఊర్లె తెలిస్తె నవ్వుతరు" అనేది. "ముసలోన్నేడిది, నేను రెక్కలోన్ని" అని బాపు మురిసిపోయేవాడు.

నేను అప్పుడు చూసి కూడా పట్టించుకోని సంగతి ఒకటుంది. గాలిలో నిలబడాలంటే రిమోట్ మీది ఎర్ర గుండీని ఒకే తీరుగా నొక్కుతూ ఉండాలి, తొందరపడితే పడిపోతాడు, ఆగినా పడిపోతాడు. బాపు ఆ నొక్కుడును ఊపిరితో కలిపేవాడు. ఊపిరి పీల్చి నొక్కేవాడు, వదిలి నొక్కేవాడు. ఆ కాసేపు ఆయన ఛాతీలో పిల్లికూతలు తగ్గేవి, భుజాలు దిగేవి, ముఖం మీద ఆ వెతుకులాట పోయేది. రోజు మొత్తంలో మా బాపు మామూలు మనిషిలా ఊపిరి తీసుకున్నది ఆ కాసేపే. సోమరితనంతో టీవీ ముందు కూర్చున్నాడని అనేవాళ్ళకు ఇది తెలియాలి.

ఒక రోజు షిఫ్ట్ దిగి వస్తుంటే బస్టాండ్ దగ్గర నాతో చదివినవాడు కనిపించాడు. చేతిలో పుస్తకాలు, ఇస్త్రీ చొక్కా. "ఏంరా, మీ బాపు నౌకరి నీకే వచ్చిందంట గద, సెటిల్ అయినవ్ పో!" అని వీపు మీద చరిచి, చరిచిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. కావాలని తుడుచుకున్నాడో, అలవాటుగా తుడుచుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ఇంటికి వస్తే చాప పరిచి ఉంది, పాట మోగుతోంది, బాపు నవ్వుముఖంతో రిమోట్ పట్టుకుని, "జెర ఆ రెక్క..." అన్నాడు.

నేను కూర్చున్నాను. గుంత దాటాను. ఆ చోటికి ఒక అడుగు ఇవతలే ఆగి గెంతాను. ఏమీ తగల్లేదు. మళ్ళీ అక్కడే గెంతాను. బాపు ముందుకు వంగి చూస్తున్నాడు. ఇంకోసారి గెంతి, రిమోట్ చాప మీద పడేసి, "రాదు బాపు ఇగ. క్యాసెట్ ఖరాబైంది" అన్నాను.

"ఖరాబైందా?"

"పాతది గద. గంతే ఇగ."

బాపు క్యాసెట్ ఊడదీసి, తువ్వాల కొసతో మెల్లగా తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాడు. "నేను ఊదుడుకే అయ్యిందేమో బిడ్డా. నా ఊపిరి మంచిది గాదు" అన్నాడు.

అప్పుడైనా కాదని ఉండవచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇంత రాసి ఇప్పుడు ఎందుకు దాచాలి, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. నా దగ్గర ఉన్నది ఒకటి తీసేసుకున్నాడు, ఆయన దగ్గర ఉన్నది నేనూ తీసేశాను అనిపించింది. చెప్పరాని తృప్తితో అన్నం తిన్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఆయన తనే ప్రయత్నించాడు. నేను గోడవైపు తిరిగి పడుకుంటే వెనక ఆ పాట మోగేది, గెంతిన చప్పుడు, గుంతలో పడిన చప్పుడు, మళ్ళీ పాట. చాలాసార్లు లేచి తెచ్చిద్దామనుకున్నాను. తెచ్చిస్తే రెక్క మళ్ళీ ఎట్లా వచ్చిందో చెప్పాలి. రోజులు గడిచేకొద్దీ ఆ చెప్పవలసింది పెద్దదైపోయింది, నేను చిన్నవాణ్నైపోయాను. ఒక రోజు వచ్చేసరికి పాట వినిపించలేదు, సెట్టు మీద తువ్వాల కప్పి ఉంది. బాపు గోడకు ఒరిగి నోటితో ఊపిరి తీసుకుంటున్నాడు. ఇగ ఆయనకు మోజు తీరిందని అవ్వతో అన్నాను.

ఆ వానకాలంలోనే దవాఖానలో పోయాడు. ఆట ఆపినందుకు పోయాడని నేను అనను, ఆ ఛాతీ ఎప్పటికైనా అంతే. కానీ ఉన్న నాలుగు నెలలో ఐదు నెలలో, రోజుకొక కాసేపు తేలిగ్గా తీసుకోవలసిన ఊపిరి ఆయనకు అందకుండా చేసింది నేను. దినాలైనాక సెట్టును ఎవరికో ఇచ్చేద్దామని తువ్వాల తీస్తే దాని మీద దుమ్మన్నది లేదు, క్యాసెట్ బిగించే ఉంది. అవ్వ తుడిచి ఉంటుందనుకున్నాను.

ఆ వారమంతా నలిగి, పోయిన ఆదివారం మళ్ళీ చెల్లె ఇంటికి పోయాను. బాల్కనీలో అది బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి మొత్తం చెప్పాను. క్యాసెట్‌కు ఏమీ కాలేదని, నేనే కావాలని పక్కన గెంతానని. అది తడి బట్ట దులుపుతూ విని, "నాకెర్కనే అన్నా" అంది.

"నీకెట్లెర్క?" అన్నాను.

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు పక్కింటి పిలగాడు వచ్చి ఆడిండు. వానికి రెక్క వచ్చింది. నేను ఎగిరి గంతేసిన, బాపూ, రెక్క వచ్చిందే అని. వాడు రిమోట్ బాపుకు ఇయ్యవోయిండు. బాపు తీస్కోలె. టీవీ బంద్ చేసిండు."

"ఎందుకు?"

"నేను గూడ గట్లనే అడిగిన. మీ అన్నకు చెప్పకు బిడ్డా అన్నడు. వానికి నా మీద శాన కోపమున్నది, గింతన్న తీర్చుకోనియ్ అన్నడు." క్లిప్పు పెట్టి, "ఇగ ఆడలే. నువ్వు షిఫ్ట్ దిగే యాల్లకు మాత్రం రోజు సెట్టు తుడిశి, క్యాసెట్ ఊది పెట్టి, మల్ల తువ్వాల కప్పుతుండె. నువ్వే వచ్చి తీస్తవేమో అని" అంది.

అది పదేళ్ళ పిల్లగా ఇచ్చిన మాటను ఇన్నేళ్ళు నిలుపుకుంది. వంటింట్లోంచి నా వైపు చూడకుండా క్యాసెట్ ఖరాబైందని చెప్పింది కూడా అందుకే. తిట్టినా బాగుండేది. తిట్టలేదు, మిగతా బట్టలు ఆరేసింది.

మన ఈడు వాళ్ళు ఏమేం మారిపోయాయని బాధపడతారో నాకు తెలుసు, నేనూ ఆ లెక్కలోనివాణ్నే. మా వరుస గదుల చోట ఇప్పుడు ఏదో షోరూం వచ్చింది, నేనున్న ఫ్యాక్టరీలో ముక్కుకు మాస్కులు ఇస్తున్నారు, నాకు ఇచ్చేసరికి, అప్పటికే పాడైన నా ఛాతీకి దానితో పని లేకుండా పోయింది. కానీ నన్ను ఎక్కువగా కుంగదీసింది ఆ రెక్కే. అప్పుడు అది ఒకే చోట ఉండేది, అక్కడి దాకా పోలేనివాళ్ళు ఇంకొకరిని అడగవలసి వచ్చేది. అడిగే మనిషి ఒకరు, తెచ్చే మనిషి ఒకరు, మధ్యన ఒక చాప. ఇప్పుడు గుండీ నొక్కితే వస్తుంది, ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ ఎవరికీ లేదనరు. ఇట్లా ఉంటే నేను ఆ పాపం చేసేవాణ్ని కాను. మా బాపు రోజూ నా కోసం చాప పరిచేవాడూ కాదు.

లోపలికి వచ్చి మేనల్లుణ్ని రిమోట్ అడిగాను. గుండీ నొక్కి కాదు, పాత దారినే పోతానన్నాను. గుంత దగ్గర నా వేళ్ళు వణికాయి. పడ్డాను. మళ్ళీ పోయి మళ్ళీ పడ్డాను. దగ్గు వచ్చింది.

"ఇటియ్యి మామా, నేను తెచ్చిస్త" అని వాడు రిమోట్ తీసుకుని, నా పంతం చూసి కాబోలు, గుండీ నొక్కకుండా గుంత దాటి, నేను చెప్పిన చోట గెంతాడు. ఈక ఊగుతూ దిగింది. రెక్కలు వచ్చాయి. వాడు రిమోట్‌ను నా చేతిలో పెట్టాడు.

పట్టుకుని కూర్చున్నాను. సమయం అంకెలు పైన ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. బొమ్మ మనిషి రెక్కలతో నేల మీదే నిలబడి ఉన్నాడు.

"ఎగురు మామా, ఏంది గట్లనే నిలబడ్డవ్?" అంటున్నాడు పిల్లవాడు.