మంటలోకి జరిపిన డప్పు

ఏళ్ళ తరబడి గుండె మీద బండలా మోస్తున్న సంగతి ఇది. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకేమీ కారు గనక. అయినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు లేదు.

వచ్చే వారం అమలాపురంలో డప్పులూ డోళ్ళూ అన్నీ ఒక్కచోట మోగే వాద్యోత్సవమట. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఫ్లెక్సీలు కట్టారు. వాటి నిండా నా మొహమే. చూస్తే ఒళ్ళు మండుతోంది. కోపం ఎవరి మీద? నా మీదా, రత్నం మీదా?

రత్నం మా మేనమామ కొడుకు. ఇద్దరం ఒకే దళంలో డప్పు వాయించేవాళ్ళం. నాకంటే వాడే బాగా వాయించేవాడు. ఈ మాట ఒప్పుకోవాలంటే ఇప్పటికీ పళ్ళు బిగపట్టాలి. ఒక ఏడు హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, మా ఇద్దరిలో ఒకణ్ణి తన బృందంలోకి తీసుకుపోవడానికి. ముసురు పట్టిన రోజు. గోదారి గాలికి డప్పు చర్మం చెమ్మగిల్లి మెత్తబడిపోతుంది, కొబ్బరాకుల మంట దగ్గర కాచుకుంటే తప్ప మోగదు. ఎవరిది వాళ్ళే కాచుకుంటారు. మాలో ఒకరి డప్పు ఇంకొకరు ముట్టరు. అలాంటిది రత్నం తనది నాకు అప్పగించి, పెద్దాయన పిలిస్తే వెళ్ళాడు. వాళ్ళ నాన్న వాయించి పోయిన డప్పు అది.

చెయ్యి జారలేదు. కాలితో మంటలోకి జరిపాను. అంచు కమిలి వాసన వచ్చేదాకా చూస్తూ నించుని, తర్వాత వెనక్కి లాగి మసి తుడిచాను. పెద్దాయన ముందు రత్నం వేసిన రెండో దెబ్బకే చర్మం నిలువునా చీలింది. డప్పు కాచుకోవడం రానివాడు నాకెందుకని పెద్దాయన అందరి ముందూ అనేశాడు. నన్ను తీసుకున్నాడు.

"నువ్వు చూస్తానే ఉన్నావు కదా బావా, ఏం జరిగిందంటావు?" అన్నాడు రత్నం.

"గాలి తిరిగిందిరా. నేనేం చేసేది?"

"ఆయ్, గాలే అయ్యుంటుంది."

నమ్మేశాడు వెధవ! పైగా అడిగినవాళ్ళందరికీ మా బావ తప్పేం లేదండీ అని చెప్పుకు తిరిగాడు. చొక్కా పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే వాడంటే నాకింత అసహ్యం పుట్టేది కాదేమో. ఎదుటపడినప్పుడల్లా ఆ నవ్వు మొహం చూడలేక సందు మార్చేవాణ్ణి. వాడు మళ్ళీ డప్పు పట్టలేదు. కొబ్బరికాయలు ఒలుస్తూ బతుకుతున్నాడు.

మొన్న మా ఇంటికొచ్చాడు. ఉత్సవంలో డప్పుల వరసకి మనుషుల్ని ఎంచేది నేనే. చివర ఎక్కడో ఒకచోట నిలబెట్టమని, పోయేలోగా ఒక్కసారి నలుగురిలో వాయించాలని ఉందని బతిమాలాడు. వయసైపోయిందిరా, మా పరువు తీస్తావు అన్నాను. ఏ నోటితో అన్నాను? వాడు మళ్ళీ వాయిస్తే, నేనిన్నాళ్ళూ నిలబడ్డ చోటు ఎవరిదో జనానికి తెలిసిపోతుందని భయం. అంతకు మించి ఇంకేమీ లేదు. సరేలే బావా అని వెళ్ళిపోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? వరస ఇంకా ఖరారు కాలేదు. ఫోను పక్కనే ఉంది. వాడికి చెయ్యలేదు. చేస్తానని మాటా ఇవ్వను. ఇదంతా రాసేసరికి నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది. రత్నానికి ఇందులో దక్కిందేమీ లేదు.