గొడుగు గుడ్డ కాకి

బొమ్మను చూపిస్తే చాలు, పిల్లలు నోరు విప్పుతారని చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. బొమ్మలో ఏ మహిమా లేదు. రెండు పూటలా తన్నులు తిన్న పిల్ల ముందు ముఖమల్ కుందేలును ఆడిస్తే, ఆ పిల్ల కుందేలును చూడదు. దాని లోపలున్న చేతిని చూస్తుంది, ఎప్పుడు లేస్తుందా అని. రాయపూర్ తెలీబంధా పేటలో ఏసీ గదుల్లో కూర్చుని బొమ్మలాట మీద శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఈ ముక్క తెలియదు. అదే ఊళ్ళో రైల్వే వ్యాగన్ షాపులో రివెట్లు కొట్టి రిటైరైన నాకు తెలుసు.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నదే. చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు మా ఊరికి తోలుబొమ్మలవాళ్ళు వస్తే, అందరూ తెర ముందు కూర్చునేవారు, నేను తెర వెనక్కి దూరేవాణ్ణి. అక్కడ రెండు కట్టుబాట్లు చూశాను. ఒక బొమ్మకు ఒకే గొంతు. ఇంకొకరు ఆ బొమ్మను పట్టి మాట్లాడకూడదు. ఆట అయ్యాక బొమ్మ పెట్టెలోకి వెళ్ళాలి, బయట వేలాడకూడదు. మొదటిది నాకు ఒంటబట్టింది. రెండోదాన్ని ఒక్కసారి నిర్లక్ష్యం చేశాను, దాని సంగతే ఇది. పదేళ్ళు దాటింది.

రాయపూర్ గుఢియారీ పేటలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఆడపిల్లల ఆశ్రయం ఉండేది. స్టేషన్లో దొరికిన పిల్లల్ని, ఇళ్ళలో దెబ్బలు తిన్న పిల్లల్ని అక్కడ పెట్టేవారు. ఇనప మంచాలు బాగుచేయడానికి వెళ్ళినవాణ్ణి, ఆ పిల్లల మొహాలు చూసి, మంగళవారం మంగళవారం వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆవిడ గొడుగు చినిగితే ఆ నల్లగుడ్డతో చేతికి తొడుక్కునే కాకిని కుట్టాను. ముక్కుకు బట్టలారేసే క్లిప్పు.

"గొడుగు బాగుచేయించి తెమ్మంటే కాకిని చేసినావేటి? రేపు వానొస్తే దీన్ని నెత్తిమీద కూకోబెట్టుకోమంటావా?" అంది మా ఆవిడ.

ఆ కాకికి మర్యాద లేదు, తెలివి అసలే లేదు. మా రాయపూర్ హిందీలో మాట్లాడేది, తెలుగులో తిట్టేది. అందరికంటే ఎక్కువ తిట్లు నాకే. అది పిల్లల్ని ఎప్పుడూ ప్రశ్న అడగదు. తప్పు చెబుతుంది. పెద్దవాళ్ళు అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు గాని, ఎదురుగా ఎవరైనా తప్పు వాగుతుంటే దిద్దకుండా ఉండలేరు. నాకు తెలిసిన విద్యంతా ఇంతే.

ఆ ఏడు ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె వచ్చింది. మన తెలుగువాళ్ళ పిల్లే. తల్లి పోయాక రాయపూర్ దగ్గర తిల్దాలో రైస్ మిల్లులో పనిచేసే మేనమామ ఇంట్లో ఉంది. అక్కణ్ణుంచి రైలెక్కి పారిపోయి వచ్చి రాయపూర్ స్టేషన్లో దొరికింది. ఎందుకు పారిపోయావంటే చెప్పదు. అసలు ఒక్క మాటే లేదు. మేనమామ తన మేనకోడల్ని తనకు అప్పగించమని దరఖాస్తు పెట్టాడు. ఇలాంటివి తేల్చే కమిటీ నెలన్నరలోపు తేలుస్తానంది. పిల్ల నోరు విప్పకపోతే, రక్తసంబంధం ఉన్నవాడు కాబట్టి అతని వెంట పంపేస్తారు.

మొదటి మంగళవారం కాకి దాని చుట్టూ తిరిగి, "ఈ ఎద్దును ఇక్కడ కట్టేసిందెవరు?" అంది. పిల్ల తల తిప్పుకుంది. రెండో వారం, "ఎద్దుకు కొమ్ములు ఎవరో కోసేశారు పాపం" అంది. పెదవి కదిలింది. మూడో వారం గడ్డి తెచ్చి దాని ముందు పెట్టింది.

"నాను ఎద్దుని కాను" అంది పిల్ల.

"ఓహో, అయితే కందిపప్పువి!"

"కాదు. గుంటని." మా వైపు గుంటంటే ఆడపిల్ల.

నేను ఆ సంతోషంలో కాకిని ఆశ్రయం వరండాలో మేకుకు తగిలించి ఇంటికొచ్చేశాను. పిల్ల దాన్ని చూసుకుంటుందిలే అనుకున్నాను. తర్వాతి మంగళవారం నాకు జ్వరం.

ఆ రోజే వచ్చింది తెలీబంధా బొమ్మల శిక్షణ సంస్థ మేడమ్, కెమెరాతో సహా. పిల్ల కాకి వైపే చూస్తోందని గమనించి, ఆవిడ దాన్ని చేతికి తొడుక్కుని, పంచదార పాకంలాంటి గొంతుతో అడిగిందట: "మామ ఇంటికి వెళ్తావు కదూ? మామ మంచివాడు కదూ?" పిల్ల కొయ్యబారిపోయింది. కమిటీకి మేడమ్ రాసిన కాగితం ఆశ్రయం వార్డెనమ్మ నాకు చూపించింది. బొమ్మలాట ద్వారా అడిగాం, బాలిక అభ్యంతరం చెప్పలేదు, అని ఉంది అందులో.

మేడమ్ మళ్ళీ వచ్చినప్పుడు నేను గేటు దగ్గరే పట్టుకున్నాను. "మాట్లాడలేదని రాయండి. అభ్యంతరం లేదని ఎలా రాస్తారు?"

"అంకుల్‌జీ, మీకు అర్థం కాదు. పాప బాడీ లాంగ్వేజ్ పాజిటివ్‌గా ఉంది."

"కదలని వ్యాగన్‌కు బ్రేకు పట్టేసిందేమో చూస్తాం తల్లీ. బాడీ లాంగ్వేజ్ బాగుందని జెండా ఊపం."

"మీరు ట్రైనింగ్ ఎక్కడ చేశారు?" అని నవ్వి కారెక్కింది.

నేను కాకిని తొడుక్కుని వెళితే పిల్ల గోడవైపు తిరిగిపోయింది. కాకి మామ మనిషైపోయింది దాని లెక్కలో. తప్పు నాదే. అందుకని కాకి చేత అందరి ముందూ నన్ను తిట్టించాను. "ఒరే ముసలోడా! నన్ను మేకుకు ఉరేసి పోతావా? ఎవత్తో వచ్చి నా కడుపులో చెయ్యి పెట్టి నా నోట్లోంచి మాట్లాడితే నువ్వెక్కడ చచ్చావు? తియ్యి గుంజీలు, పది!" ఈ ముసలి మోకాళ్ళతో చెవులు పట్టుకుని కూచుని లేచాను. మిగతా పిల్లలు పడి పడి నవ్వారు. ఎనిమిదికి నేను ఆగిపోయాను.

"ఇంకా రెండున్నాయి తాతా" అని గోడవైపు నుంచి వినబడింది.

కమిటీ రోజున కాకిని టిఫిన్ సంచిలో పెట్టుకుని పోయాను. లోపల అధ్యక్షుడు, రాసుకునే గుమాస్తా, మేడమ్, కొత్త చొక్కాలో మేనమామ, గోడవారగా పిల్ల. "మీరెవరు? పిల్లకేమవుతారు?" అన్నాడు అధ్యక్షుడు. "ఏమీ కాను. అయిదు నిమిషాలివ్వండి" అన్నాను. చిరాకు పడ్డాడు గాని ఇచ్చాడు.

కాకి పిల్లకేసి చూడనే లేదు. తిన్నగా మేనమామ భుజమెక్కింది. "తిల్దాలో మీ ఇంట్లో రోజూ పరమాన్నమటగా! ఆ ఎద్దు రాకపోతే పోనీ, దాని బదులు నేనొస్తా. చలో మామా!"

"మత్ జా!" పిల్ల పరిగెత్తుకొచ్చి కాకిని నా చేతిలోంచి లాగేసింది. "పోకే కాకీ! అత్త తవుడు గదిలో తోసి గొళ్ళెం పెట్టేస్తాది. రెక్కలు కట్టేస్తాది. మామ చూస్తా ఊరుకుంటాడు." ఆ మొదటి కేక తర్వాతదంతా కూడా హిందీలోనే అంది. హిందీ తెలియనివాళ్ళు ఆ గదిలో లేరు.

"పిచ్చిపిల్లండీ, బొమ్మతో ఏదో ఆడుకుంటోంది" అన్నాడు మేనమామ. మేడమ్ కెమెరా ఎత్తి, "సర్, ఇంకొక్కసారి చెప్పిద్దాం, రికార్డ్ కాలేదు" అంది. నేను వెళ్ళి కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చేష్టకే తర్వాత నన్ను ఆశ్రయం గేటు దాటనివ్వలేదు. దాటనివ్వకపోతే పోయారు. మళ్ళీ అవకాశమొస్తే చెయ్యి కాదు, గుడ్డ కప్పేస్తాను.

అధ్యక్షుడు నన్ను కోప్పడ్డాడు. మేనమామ వెంట పంపేది లేదని మాత్రం గుమాస్తాకు చెప్పాడు. గుమాస్తా చకచకా రాసి కాగితం మడవబోయాడు.

"చదవండి. రాసిందేదో పిల్లకు వినబడాలి" అన్నాను.

గుమాస్తా మూతి ముడుచుకుని చదివాడు: "మేనమామ భార్య బాలికను ఒకసారి తవుడు గదిలో ఉంచి తలుపు వేసినట్లు..."

పిల్ల కాకిని చంకలో పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "ఒకసారి కాదు" అంది. "రోజూ."

గుమాస్తా అధ్యక్షుడి వైపు చూశాడు. ఆయన తలాడించాడు. గుమాస్తా 'ఒకసారి' కొట్టేసి, పైన 'రోజూ' అని రాశాడు.