కాలేజీ సైకిలుకు క్లిప్ పెడల్స్

2005 జూన్‌లో నన్ను గుంటూరుకు దక్షిణాన ఉన్న ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా వేశారు. ఫిజికల్ డైరెక్టర్, అంటే అందరి నోటా పీడీ, హోదాలో లెక్చరర్‌తో సమానం. జీతం బిల్లులోనూ సమానమే. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ విషయంలో మాత్రం కొంత తేడా ఉండేది. ఆటలు ఆడించడం నా పని అని ఆర్డరులో ఉంది. ఎక్కువగా చేసిందేమో మైకు సరిచూడటం, ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లలు లేచిపోకుండా కాపలా కాయడం.

ఆ ఏడు మౌంటెన్ సైక్లింగ్‌కు జట్టు కడతామని యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. వానలు తగ్గాక కొండవీడు కొండ దిగువన సెలక్షన్ ట్రయల్స్. మొదటి ఆరుగురిని అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పంపుతారు. అక్కడ పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఉంటే బీపీఎడ్‌లో, అంటే వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సులో, స్పోర్ట్స్ కోటా కింద సీటు అడగవచ్చు.

ఆ సీటు అవసరమైన వాడు మా కాలేజీలో ఒకడుండేవాడు. పేరు మస్తాన్‌వలి, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రత్తిపాడు పక్క పల్లె నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు కుట్టేవాడు. డిగ్రీ అయిపోగానే నువ్వూ యార్డుకు వచ్చేయాలి, కోటాలో సీటు వస్తే మాత్రం చదివిస్తాను అని ఆయన ఖరాఖండీగా చెప్పేశాడట. ఇలా నిర్ణయించుకున్న తండ్రితో వాదించి లాభం లేదు, కొండవీడు దగ్గర గెలవాల్సిందే.

పూర్వ విద్యార్థి ఒకరు ఇచ్చిన మౌంటెన్ బైకు కాలేజీ స్టోర్లో ఉంది. దానికి క్లిప్‌లెస్ పెడల్స్ వేయిద్దామన్న ఆలోచన పూర్తిగా నాది. పేరులో క్లిప్ లేదన్నా ఉన్నదంతా క్లిప్పే, చూడనివాళ్ల కోసం చెబుతాను. బూటు అడుగున ఒక ఇనప ముక్క బిగిస్తారు, దాన్ని క్లీట్ అంటారు. పెడల్ మీద కాలు నొక్కితే క్లీట్ టక్కున లోపల ఇరుక్కుంటుంది. ఇక కాలు జారదు, పెడల్‌ను పైకి కూడా లాగవచ్చు. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. తిప్పడం మరిచిపోయినవాడు సైకిలుతో పాటు పడతాడు.

నిబంధన ప్రకారం మూడు కొటేషన్లు తెప్పించాను. చవకలో దొరికేవి రెండు రకాలే. మొదటి రకంలో నాలుగు కమ్మీలు ఉంటాయి, మధ్యలో అంతా ఖాళీ, బురద పడ్డా అవతలికి పోతుంది. రెండో రకంలో స్ప్రింగు ఒక పెట్టెలో మూసి ఉంటుంది, ఒకవైపు క్లిప్పు, రెండోవైపు మామూలు చెప్పులతోనూ తొక్కుకోగల బల్లపరుపు. ధర తక్కువ. ఒకే సరుకు రెండు పనులకూ వస్తుందంటే కాదనే మనిషిని మా జిల్లాలో నేను చూడలేదు, నేనూ అనలేదు. బురద నేలకైతే మొదటి రకమే తీసుకోండని ఇంటర్నెట్ సెంటర్లో చదివిన ఇంగ్లీషు వ్యాసంలో స్పష్టంగా ఉంది. అయితే బురద అనేది వాళ్ల దేశపు సమస్య అనుకున్నాను. మనది నల్లరేగడి కదా.

బూట్లు యూనిఫాం పద్దు కిందికి వస్తాయి, ఆ పద్దులో డబ్బు లేదన్నారు. ఎన్‌సీసీ స్టోర్లో పాతబడ్డ బూట్లు ఒక జత తీసుకుని, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో అడుగున క్లీట్లు బిగించాను.

ప్రిన్సిపాల్ గారు పెడల్స్‌కు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఏదీ, ఒకసారి తొక్కి చూపించండి అన్నారు. తొక్కాను. గ్రౌండంతా ఒక చుట్టు వచ్చి, ఆయన ముందుకొచ్చి ఠీవిగా ఆపాను. మడమ తిప్పాలని గుర్తుకొచ్చింది గానీ ఏ వైపుకో గుర్తురాలేదు. నిలబడి ఉన్న సైకిలు మీది నుంచి మనిషి పడటానికి అనుకున్నదాని కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయమంతా హోంసైన్సు మేడమ్‌లు నన్నే చూస్తున్నారు.

నవ్వు లేవబోతుండగా మస్తాన్ పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, అందరి వైపూ తిరిగాడు.

"పడితే చెయ్యి విరక్కుండా ఎలా పడాలో సార్ చూపిస్తున్నారండి."

కొందరు నమ్మారు. ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు నుంచి నా పరువు చూసుకోవడం కూడా ప్రాక్టీసులో భాగమని ఆ కుర్రాడు అనుకున్నట్టున్నాడు. నాకు అప్పుడు తట్టలేదు.

సాయంత్రాలు గ్రౌండులో నేను ఎదురుగా నిలబడి తొక్కించేవాణ్ణి. బరువైన బూట్లతో అతను క్లిప్పు ఉన్న వైపు వెతుక్కుంటుంటే స్నేహితులు ఊరుకునేవారు కాదు. "ఏరా, నువ్వు సైకిలు తొక్కుతున్నావా, అది నిన్ను తొక్కుతోందా?" అని ఒకడు అరిచేవాడు. రాత్రికి ఆ సైకిలునే ఇంటికి తీసుకెళ్లి, ఉదయం పూట తన ఊరి డొంకల్లో ఒక్కడే సాధన చేసుకునేవాడు. అక్కడ ఏది వదులైనా తనే చూసుకోవాలి. అందుకని పెడల్స్ విప్పి బిగించడం కూడా నేర్పాను. కుడి పెడల్ అందరిలాగే తిరుగుతుంది, ఎడమదాని మర తిరగేసి ఉంటుంది. ఇది తెలియక మరలు పాడుచేసినవాళ్లు చాలామంది.

పెడల్స్ ఎలా ఉన్నాయని రోజూ అడిగేవాణ్ణి. బాగున్నాయి సార్ అనేవాడు. మోకాలు చీరుకుపోయి వచ్చిన రోజు గట్టు మీద జారానన్నాడు. రెండో మోకాలు చీరుకుపోయిన రోజు అది వేరే గట్టు అన్నాడు. నేను తృప్తిగా రిజిస్టర్లో సంతకం పెట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి.

ట్రయల్స్ ముందు రెండు రోజులు ముసురు పట్టింది. పత్తి చేల మధ్య డొంకదారి, దాని తర్వాత రాళ్ల వాలు, మళ్లీ డొంక. ఆ ఉదయం టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటూ, ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక పీడీ గారికి మా పెడల్స్ గురించి చెప్పాను. స్ప్రింగు ఎలా పనిచేస్తుందో చేతులు తిప్పి చూపించాను కూడా. ఆయన రెండో ప్లేటు చెప్పేదాకా ఆపలేదు.

తడిసిన రేగడి ఎలా ఉంటుందో ఆ నేల మీద పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అడుగు వేస్తే కాలికి ఇంకో కాలు తయారవుతుంది. క్లిప్పులతో బయల్దేరిన కుర్రాళ్లు మొదటి డొంకలోనే దిగి బూట్లు గీక్కోవడం మొదలుపెట్టారు. మట్టి నిండిన క్లీటు పెడల్‌లోకి దిగదు, దిగినది ఊడిరాదు. ఒంగోలు పీడీ గారి కుర్రాడు సైకిలుతో సహా చేలో పడుకుని ఉన్నాడని కబురు వచ్చింది. మావాణ్ణి ఏ చేలో వెతకాలా అని చూస్తున్నాను.

మస్తాన్ ఐదోవాడిగా వచ్చాడు. జట్టులో ఉన్నట్టే. నేను ఎదురు పరుగెత్తాను. అతను సైకిలు దిగి, తువ్వాలు తీసి పెడల్స్ మీద కప్పేశాడు. కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లున్నాయి. తువ్వాలు తీసి చూశాను. రబ్బరు పెడల్స్, పాలవాళ్ల సైకిళ్లకు ఉండేవి. పట్టు కోసం వాటికి బస్తాలు కుట్టే పురికొస చుట్టి ఉంది.

"సారీ సార్," అన్నాడు. "పొద్దున మీరు టిఫిన్ దగ్గరున్నప్పుడు మార్చేశా."

మోకాళ్లు చీరుకుపోయిన దగ్గర్నుంచీ ఊళ్లో వీటితోనే తొక్కావా అని అడిగాను. తల వంచుకున్నాడు. గ్రౌండులో మాత్రం మీవే సార్ అన్నాడు. సంచిలోంచి నా పెడల్స్ తీసి ఇచ్చాడు. పేపర్లో చుట్టి, నూనె గుడ్డతో తుడిచి ఉన్నాయి. గెలిచి వచ్చినవాడు నాకు క్షమాపణ చెప్పుకోవడం నా సర్వీసులో అదొక్కసారే. తిట్టడానికి ఎవరైనా కావాలనిపించింది. అందుబాటులో నేనే ఉన్నాను.

అంతలో ఒంగోలు పీడీ గారు వచ్చారు. సైకిలు చూశారు, నన్ను చూశారు.

"మాస్టారూ, పొద్దున అంతసేపు చెప్పిన పెడల్స్ ఏవండీ?"

నేను నోరు తెరిచేలోగా మస్తాన్ అందుకున్నాడు. "రేగడి తడిస్తే అవి పనికిరావని సారే మార్చమన్నారండి."

ఆయన నా వైపు గౌరవంగా చూసి, అనుభవమంటే అదేనండీ అన్నారు. నేల చూసి సమయానికి మార్చడం అందరికీ చేతకాదన్నారు. కాదని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి దొరికింది. తల ఊపాను. పేపరు పొట్లం చేతిలో బరువుగా ఉంది, దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను.

మస్తాన్‌కు సర్టిఫికెట్ వచ్చింది, మరుసటి ఏడు సీటూ వచ్చింది. అప్పజెప్పిన పెడల్స్ స్టోర్లో, మంచి స్థితిలో ఉన్న సామాను వరసలో చేరాయి.

ఆ ట్రయల్స్‌తో నేను నేర్చుకున్నది ఇది. "బాగున్నాయి సార్" అనేది హాజరు పిలిచినప్పుడు పలికే మాట లాంటిది, అందులో సామాను గురించిన సమాచారం ఏమీ ఉండదు. ఎదురుగా నిలబడి అడిగినవాడికి ఆ జవాబే వస్తుంది. రిటైరయ్యేదాకా ఏ సామాను కొన్నా ముందు రెండు రకాలు తెప్పించి, బల్ల మీద పెట్టి, ఏది కావాలో తీసుకోండని చెప్పి గదిలోంచి బయటికి వెళ్లేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి ఒక రకం మిగిలి ఉండేది. చాలాసార్లు నేనైతే కొనేది అదే.